మిరుగు వాన – మాచునూరు రేడియో



సికింద్రాబాదు పక్కనే ఉన్న బేగంపేటలో వాన పడితే వాతావరణ కార్యాలయంవారు మిల్లీమీటర్లలో కొలిచి చెబుతారు. ఆ లెక్క కావలసిందే, కాదనము. కాని రైతు అడిగేది వేరు. ఏ కార్తెలో పడింది? విత్తడానికి పదునయిందా, లేక ఒక్కపూటలో కుమ్మరించి పైమట్టిని వాగులో కలిపిందా? ఏడాది మొత్తానికి లెక్క సరిపోయినా, మిరుగులో రావలసిన వాన ఆరుద్ర దాటి వస్తే పెసర ఏంగావాలె? భూమి వేడెక్కుతున్నకొద్దీ కుంభవృష్టులు పెరుగుతాయని శాస్త్రజ్ఞులంటున్నారు. పల్లెల్లో ఈ మాట కార్తెల పేర్లతో వినబడుతూ వచ్చింది. అయితే పల్లె మాటను పల్లెవాళ్ళే చెప్పుకోవడానికి ఒక రేడియో రావడం మాత్రం చాలా ఆలస్యమయింది. ఆ చరిత్రే ఇప్పుడు చెప్పబోయేది.

సికింద్రాబాదు నుంచి రైలులో వికారాబాదు చేరి, అక్కడ బీదరు లైనులోకి మళ్ళితే జహీరాబాదు వస్తుంది. ఆ చుట్టుపక్కల ఎర్రచెలకలే ఎక్కువ. 1983లో అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలుపెట్టింది. ఊరూరా ఆడవాళ్ళు సంఘాలు కట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది దళితులు, కొద్దిపాటి భూమి గలవాళ్ళు. జొన్న, కొర్ర, సామ, కంది వంటి పాత పంటలను ఒకే చేలో కలిపి వేశారు. ఒకటి ఎండినా ఇంకొకటి నిలుస్తుంది గదా! విత్తనాలను బూడిద, వేపాకు కలిపి గుమ్ముల్లో దాచుకున్నారు. యాసంగిలో నీరు పెట్టకుండా, నేలలోని పదునుతో, మంచుతో పండే జొన్న, శనగ, కుసుమలను వదులుకోలేదు.

ఈ అనుభవమంతా చెప్పుకోవడానికి తమకొక రేడియో కావాలని వాళ్ళు అడిగారు. యునెస్కో సాయంతో 1990ల చివర మాచునూరులో పరికరాలు అమరాయి. గాలి తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా అనుమతి మాత్రం రాలేదు! స్టూడియో ఉండీ మాట ఆకాశంలోకి పోలేదు. చేసేదిలేక టేపుల్లో రికార్డు చేసి, సంఘాల సమావేశాలకు మోసుకెళ్ళి వినిపించారు. ఇన్నేళ్ళ ఓపిక మనబోటివాళ్ళకు ఉంటుందా అంటే అనుమానమే.

2006లో ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకు కూడా సముదాయ రేడియో పెట్టుకునే వీలిచ్చింది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలయింది. నడిపినవారు జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ. ఇద్దరూ ఆ పల్లెల ఆడబిడ్డలే. (ఆ సంఘాల ఆడవాళ్ళు కెమెరాలు పట్టి సినిమాలు కూడా తీశారు; అది వేరొక ప్రసంగానికి సరిపడే సంగతి.) 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటరు బహుమతి వచ్చింది.

బహుమతి సరే. నా మటుకు నాకు ఆ రేడియో భాష ముఖ్యమనిపిస్తుంది. మన వార్తల్లో "ఆకాశం మేఘావృతమై ఉండును" అంటాము. అక్కడ "మొగులయింది" అంటారు. విస్తరణాధికారి ఊరికి పోయినప్పుడు "వర్షపాతం ఎంత?" అనడిగితే జవాబు రాకపోవచ్చు. "మిరుగు ఎట్ల పోయిందవ్వా?" అంటే, ఎప్పుడు విత్తారో, ఏది మొలిచిందో, ఏది మాడిందో, మళ్ళీ ఏ గింజ చల్లారో వరసగా చెబుతారు. సంఘం రేడియోలో అడిగినదీ అట్లాగే. అక్కడ అడిగే మనిషీ, చెప్పే మనిషీ మర్నాడు కలుపు తీయడానికి చేలల్లోకి పోవలసినవాళ్ళే.