మూడు గంటల ఇరవై నిమిషాలు: ప్రాథమికోన్నత దశలో చేతిపని బోధన – చారిత్రక పరిశీలన

‘జీవన నైపుణ్యాలు’ అనే పదబంధం నేటి విద్యాపరిభాషలో ప్రధానంగా మనస్సుకు సంబంధించినది. నిర్ణయం తీసుకోవడం, సమస్యాపరిష్కారం, సహానుభూతి, ఒత్తిడిని తట్టుకోవడం మొదలైన పది సామర్థ్యాలుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో దానిని నిర్వచించింది. నేటి పాఠ్యప్రణాళికలు చాలావరకు ఆ నిర్వచనాన్నే అనుసరిస్తున్నాయి. అంతకు అర్ధశతాబ్దం ముందు ఇదే వయస్సు పిల్లలకు బతుకుతెరువుకు పనికివచ్చే విద్య నేర్పాలన్నప్పుడు, ఆ మాటకు చేతిపని అనే అర్థం ఉండేది. దూది ఏకడం, నూలు వడకడం, చెక్క చిత్రిక పట్టడం, మడి దున్నడం వంటివి. అర్థం చేతి నుంచి మనస్సుకు ఎలా జరిగిందన్నది కేవలం పరిభాషకు సంబంధించిన ప్రశ్న కాదు. శ్రమను, కులాన్ని, ఉపాధ్యాయుని జీతాన్ని గురించిన వాదాలు దాని వెనుక ఉన్నాయి.

వార్ధా ప్రణాళిక

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో మార్వాడీ విద్యాసంస్థ రజతోత్సవ సందర్భంగా గాంధీ అధ్యక్షతన జాతీయ విద్యా సమావేశం జరిగింది. అది నాలుగు తీర్మానాలు చేసింది: దేశవ్యాప్తంగా ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషా మాధ్యమం, ఉత్పాదక చేతిపని కేంద్రంగా బోధన, ఈ విధానం క్రమంగా ఉపాధ్యాయుల వేతనాన్ని భరించగలదన్న ఆశాభావం. వీటి ఆధారంగా పాఠ్యప్రణాళిక రూపొందించే బాధ్యత జాకీర్ హుసేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘానికి అప్పగించారు. 1897లో హైదరాబాదులో జన్మించిన జాకీర్ హుసేన్ అప్పటికి ఢిల్లీలోని జామియా మిలియాకు సారథి. సంఘం డిసెంబరు 2న నివేదిక సమర్పించింది. 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసు దానిని ఆమోదించింది.

చేతిపనిని జాతీయవిద్యలో చేర్చాలన్న ఆలోచన తెలుగునాట అప్పటికే కొత్తది కాదు. కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల వృత్తివిద్యలకు చోటిచ్చింది. అయితే అది ఒక సంస్థ చేసిన ప్రయోగం. వార్ధా ప్రణాళిక మొత్తం దేశంలోని బడిపిల్లలందరినీ ఉద్దేశించింది.

నివేదికలోని కాలపట్టికను నిశితంగా చూడవలసి ఉంది. బడి రోజు అయిదున్నర గంటలు. అందులో మూలవృత్తికి 3 గంటల 20 నిమిషాలు. సంగీతం, చిత్రలేఖనం, గణితం మూడింటికీ కలిపి 40 నిమిషాలు, మాతృభాషకు 40, సామాజిక, సామాన్య శాస్త్రాలకు 30, వ్యాయామానికి 10, విరామానికి 10 నిమిషాలు. బడిదినాలు ఏడాదికి 288. అంటే ఒక్కో విద్యార్థి ఏడాదికి 960 గంటలు చేతిపనిలో గడుపుతాడు. గణితానికి సంగీతంతో పంచుకున్న వాటా మాత్రమే మిగలడం తొలిచూపులో విడ్డూరంగా తోస్తుంది. ప్రణాళికాకర్తల తర్కం వేరు. గణితం పనిలోనే ఉందని వారి విశ్వాసం. వడికిన నూలు చిలపల లెక్కలో కూడికలు, గుణకారాలు ఉన్నాయి. పత్తి పండే నేలల వివరంలో భూగోళం ఉంది. ఈ దేశపు నేతవస్త్రం ఏ ఓడలెక్కి ఎక్కడికి పోయిందో, తరువాత ఎందుకు పోలేదో చెబితే అది చరిత్ర అవుతుంది. పనిని పాఠంతో ఇలా ముడివేయడమే ఈ విధానానికి ప్రాణం. ఉపాధ్యాయునికి మూడేళ్ల శిక్షణ కావాలని నివేదిక కోరడానికి కారణం కూడా ఇదే. ఈ నేర్పు కొరవడిన చోట ప్రతి పాఠాన్నీ బలవంతంగా తకిలీకి చుట్టవలసివచ్చిందని, బోధన కృత్రిమమైందని తరువాతి విమర్శకులు చేసిన ఆక్షేపణను తోసిపుచ్చలేము.

పిల్లల శ్రమ, ఉపాధ్యాయుని జీతం

నాలుగో తీర్మానం మొదటినుంచీ వివాదాస్పదమే. ఆర్థికవేత్త కె.టి.షా వార్ధాలోనే దానిని వ్యతిరేకించాడు. బడిలో తయారైన వస్తువు బయటి వృత్తికారుని సరుకుతో పోటీపడుతుందని, పిల్లల శ్రమను పిండుకునే స్థితి ఏర్పడుతుందని ఆయన వాదన. గాంధీకి ఇది అదనపు అంశం కాదు. మద్యనిషేధం వల్ల ప్రభుత్వాలు ఎక్సైజు రాబడిని వదులుకోవలసి ఉండగా, బీదదేశం సార్వత్రిక విద్యను మరే విధంగానూ భరించలేదని ఆయన భావించాడు. జాకీర్ హుసేన్ సంఘం ఈ రెంటి మధ్య జాగ్రత్తగా నడిచింది. స్వయంపోషకత్వాన్ని నిరాకరించలేదు. అయితే ఆర్థికలక్ష్యం విద్యాలక్ష్యాన్ని మింగివేసే ప్రమాదం ఉందని, ఉపాధ్యాయులు పిల్లలచేత వీలైనంత ఎక్కువ పని చేయించడం మీదనే దృష్టి పెట్టవచ్చునని నివేదికే హెచ్చరించింది. ప్రతిపక్షం లేవనెత్తిన శంకను ప్రతిపాదకులే లిఖితపూర్వకంగా అంగీకరించడం ఆనాటి విద్యాపత్రాలలో అరుదు.

1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేయడంతో ప్రణాళిక వేగం తగ్గింది. 1944 నాటి సార్జెంటు నివేదిక చేతిపని కేంద్రక విద్యను స్వీకరించింది. 6–11 ఏళ్లకు జూనియర్ బేసిక్, 11–14 ఏళ్లకు సీనియర్ బేసిక్ అని రెండు దశలుగా విభజించింది. స్వయంపోషకత్వాన్ని మాత్రం తిరస్కరించింది. నేటి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు దాదాపుగా ఈ సీనియర్ బేసిక్ దశలోనివే.

వృత్తి, కులం

మూలవృత్తులుగా నివేదిక సూచించినవి నూలు–నేత, వడ్రంగం, వ్యవసాయం, పండ్లు–కూరగాయల పెంపకం, తోలుపని వంటివి. తెలుగు గ్రామంలో ఇవి పాఠ్యాంశాలు కావు, కులవృత్తులు. సాలె ఇంటి బిడ్డకు మగ్గం బడి నేర్పనక్కరలేదు. కరణం కొడుకు చేత తోలు కోయించడం వేరే సంగతి. ఈ ప్రణాళికలోని సామాజిక విప్లవాంశం అక్కడ ఉంది. చేతిపనిని అది కులం నుంచి విడదీసి అందరి పిల్లలకూ పంచింది. నూలు వడకడానికే ఎక్కువ బడులు మొగ్గుచూపడం వల్ల ఆ పదును ఎంతో కొంత మొద్దుబారింది. వడకడం జాతీయోద్యమ చిహ్నం, దానివల్ల ఎవరి కులగౌరవానికీ భంగం లేదు.

1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో ప్రవేశపెట్టిన సవరించిన విద్యాపథకం పైకి ఇదే ధోరణిలా కనిపిస్తుంది. బడి సమయాన్ని మూడు గంటలకు కుదించి, మిగిలిన పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నది దాని సారం. పథకం మొదలైన జూన్ నాటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. పెరియార్ నాయకత్వంలోని ద్రావిడ కళగం దీనిని ‘కులకల్వి’ అని ఎండగట్టింది. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక పథకం రద్దయింది. వార్ధా ప్రణాళిక చాకలి బిడ్డకూ బ్రాహ్మణ బిడ్డకూ ఒకే తకిలీ ఇచ్చింది, ఈ పథకం ఎవరి బిడ్డను వారి తండ్రి దగ్గరికే తిప్పి పంపింది. రెండూ చేతిపనిని గౌరవించాయన్నంత మాత్రాన ఒక గాటన కట్టరాదు. అయితే 1953 తరువాత దక్షిణాదిన ‘వృత్తి’ అనే మాట బడిలో వినిపించినప్పుడల్లా అణగారిన కులాల తల్లిదండ్రులు అనుమానించడానికి న్యాయమైన కారణం ఏర్పడింది.

పేర్లు మారిన తరువాత

కొఠారీ కమిషను 1966లో ‘పని అనుభవం’ అన్న పదాన్ని ముందుకు తెచ్చింది. అది గాంధీ భావానికి పారిశ్రామిక సమాజంలో పునర్నిర్వచనమని చెబుతూనే, ఏ దశనూ ప్రత్యేకంగా బేసిక్ విద్య అని పిలువవద్దని సిఫారసు చేసింది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సంఘం ‘సామాజికోపయోగ ఉత్పాదక కృషి’ని ప్రతిపాదించింది. ఎస్.యు.పి.డబ్ల్యు. అన్న సంక్షిప్తనామాన్ని ‘సమ్ యూజ్‌ఫుల్ పీరియడ్స్ వేస్టెడ్’ అని విద్యార్థులు విరిచి చెప్పుకున్న హాస్యం దేశమంతటా పాకింది. పరీక్ష మార్కులలో బరువు లేని పీరియడుకు కాలపట్టికలో గౌరవం ఉండదని ఆ హాస్యం ఏ నివేదిక కన్నా సూటిగా చెప్పింది.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల విద్యార్థులకు వడ్రంగం, విద్యుత్ పని, లోహపు పని, తోటపని, కుండల తయారీ వంటి వృత్తులను చేతులారా పరిచయం చేసే కోర్సును సూచించింది. దానితోపాటు ఈ మూడు తరగతుల కాలంలో ఎప్పుడైనా పుస్తకాల సంచి లేని పది రోజులు స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల వద్ద శిక్షణార్థులుగా గడపాలని పేర్కొంది. 1937లో ఏడాదికి 960 గంటలుగా లెక్కకట్టిన పనికి ఈ పది రోజులు సాటి రావు. కానీ ఒక తేడా ఉంది. వార్ధా నివేదిక వృత్తిని ఉపాధ్యాయునికి నేర్పి అతనిచేత బోధింపజేయదలచింది. కొత్త విధానంలో పిల్లవాడు స్వయంగా కుమ్మరి వాకిట నిలబడతాడు. ఆ పది రోజులు సారె తిప్పి చూపిన కుమ్మరికి బోధకునిగా ఏ హోదా, ఎంత పారితోషికం అన్న ప్రశ్నతో వార్ధా నాలుగో తీర్మానం నాటి జీతం వాదన మళ్లీ బడి గుమ్మం ముందుకు వచ్చింది.