ఫొటోలోని మనిషి నోరు విప్పాక

1919 వసంతకాలంలో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కరపత్రాలు పంచుతున్న ఎగ్లంటైన్ జెబ్‌ను పోలీసులు అరెస్టు చేశారు. ఆ కాగితం మీద ఆకలికి ఎండిపోయిన ఆస్ట్రియా పసిబిడ్డ ఫొటో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసినా, ఓడిన దేశాల మీద బ్రిటన్ పెట్టిన దిగ్బంధం ఇంకా ఎత్తేయలేదు. తిండిగింజలు సరిపడా లోపలికి పోవడం లేదు. సెన్సార్ అనుమతి లేకుండా ఆ సంగతి అచ్చువేసి పంచినందుకు కోర్టు ఆమెకు 5 పౌండ్ల జరిమానా వేసింది. తీర్పు అయ్యాక, ప్రభుత్వం తరఫున వాదించిన ప్రాసిక్యూటరే ఆ 5 పౌండ్లూ తీసి ఆమె చేతిలో పెట్టాడు. సేవ్ ది చిల్డ్రన్ సంస్థకు అదే తొలి విరాళమని చెబుతారు.

నేడు ఏ అంతర్జాతీయ సహాయ సంస్థలోనైనా సోషల్ మీడియా డెస్క్ మీద కూర్చున్నవాళ్లకు జెబ్ కరపత్రం కొత్తగా అనిపించదు. ఒకే బిడ్డ, ఒకే ఫొటో, ఈ గతి ఎందుకు పట్టిందో చెప్పే నాలుగు ముక్కలు, చదివినవాళ్లు ఏం చేయాలో చెప్పే ఒక మాట. పోస్టు తయారుచేసే పద్ధతి వందేళ్లలో పెద్దగా మారలేదు. అప్పట్లో ఆ ఫొటో ఆస్ట్రియా నుంచి లండన్‌కు వచ్చింది కానీ లండన్ కరపత్రం ఆస్ట్రియాకు తిరిగి వెళ్లలేదు. బిడ్డ తల్లిని ఎవరూ అడిగి ఉండరు, ఆమె ఆ కాగితాన్ని చూసే అవకాశమూ లేదు. ఫొటోలో ఉన్నవాళ్లు ఒకవైపు, చూసేవాళ్లు ఇంకోవైపు. ఈ వృత్తి చరిత్రంతా ఆ ఇద్దరి మధ్య గోడ పడిపోయిన చరిత్రే. ఫేస్‌బుక్, ట్విట్టర్ తెచ్చిన వేగం గురించే అందరూ మాట్లాడతారు గానీ, అవి తెచ్చిన అసలు మార్పు అదే.

జెబ్ తర్వాత సినిమా వచ్చింది. 1921లో రష్యాలోని వోల్గా ప్రాంతాన్ని కరువు చుట్టుముట్టినప్పుడు సేవ్ ది చిల్డ్రన్ అక్కడ సినిమా తీయించి బ్రిటన్‌లోని హాళ్లలో చూపించింది. కరువు వార్తలు అతిశయోక్తులని, ఆ డబ్బు స్వదేశంలో ఖర్చుపెట్టాలని డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక ప్రచారం సాగించింది. సాయం అడిగే ఫొటో నిజమా కాదా అన్న తగాదా ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు.

1984 అక్టోబరు 23న ఇథియోపియాలోని కోరెమ్ శిబిరం నుంచి మైకేల్ బ్యూర్క్ ఇచ్చిన వార్తాకథనాన్ని బీబీసీ ప్రసారం చేసింది. దృశ్యాలు తీసింది కెన్యాకు చెందిన కెమెరామన్ మొహమ్మద్ అమీన్. తెల్లవారుజామున పొగమంచులో, గుడ్డలు కప్పుకుని నేల మీద కూర్చున్న వేలమంది జనం. ప్రపంచంలో 400కు పైగా టీవీ కేంద్రాలు ఆ దృశ్యాలను మళ్లీ చూపించాయి. ఆ డిసెంబరులో బ్యాండ్ ఎయిడ్ పాట విడుదలైంది. 1985 జులై 13న లండన్, ఫిలడెల్ఫియాల్లో లైవ్ ఎయిడ్ కచేరీలు జరిగాయి. డబ్బు కుప్పలుగా వచ్చింది, దానితో ఎన్నో ప్రాణాలు నిలిచాయి.

అయితే ఆ దృశ్యాల్లో ఉన్నవాళ్లకు పేర్లు లేవు, మాటలూ లేవు. కరువు వెనుక ఉన్న యుద్ధం, తిరుగుబాటు ప్రాంతాలకు తిండి చేరనివ్వని సైనిక ప్రభుత్వం పాటల్లోకి రాలేదు. సహాయ సంస్థల్లో పనిచేసేవాళ్లకే ఇది మింగుడు పడలేదు. వాళ్లలో వాళ్లు కొన్నేళ్లు చర్చించుకున్నాక 1989లో యూరప్ స్వచ్ఛంద సంస్థల సమాఖ్య ఒక నియమావళిని ఆమోదించింది. మనుషులను నిస్సహాయులుగా మాత్రమే చూపకూడదని, కష్టానికి కారణాలేమిటో చెప్పాలని, వాళ్ల మాట వినిపించాలని అందులో రాసుకున్నారు. మంచి నియమాలే. అయినా 2000ల మొదట్లో వీఎస్ఓ అనే సంస్థ బ్రిటన్‌లో సర్వే చేస్తే, వర్ధమాన దేశాలంటే కరువు, విపత్తు, పాశ్చాత్య సాయం అనే 80 శాతం మంది చెప్పారు. లైవ్ ఎయిడ్ నీడ అంత పొడవుగా పడింది.

తర్వాత వచ్చింది ఫోను. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చిన కొన్ని గంటల్లోనే అమెరికన్ రెడ్‌క్రాస్ 90999 నంబరుకు ‘హైతీ’ అని మెసేజ్ పెడితే 10 డాలర్లు విరాళంగా చేరేలా ఏర్పాటు చేసింది. ట్విట్టర్‌లో ఆ నంబరు ఒకరి నుంచి ఒకరికి పాకిపోయింది. ఒక్క మెసేజ్‌ల ద్వారానే 3.2 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. అదే సమయంలో దారి రెండోవైపు కూడా తెరుచుకుంది. హైతీలో శిథిలాల మధ్య ఉన్నవాళ్లు 4636కు తమ భాష క్రెయోల్‌లో మెసేజ్‌లు పెట్టారు. విదేశాల్లో స్థిరపడ్డ హైతీయులు కూర్చుని వాటిని ఇంగ్లీషులోకి మార్చారు. కెన్యాలో ఎన్నికల తర్వాత 2008లో చెలరేగిన హింస సమయంలో పుట్టిన ఉషాహిది వేదిక వాటిని మ్యాపు మీద గుర్తించింది. ఏ వీధిలో నీళ్లు లేవో, ఎక్కడ ఎవరు చిక్కుకున్నారో బాధితులే చెప్పడం, సహాయక బృందాలు చదవడం అంత పెద్ద ఎత్తున అదే మొదలు.

జవాబుదారీతనం కూడా దాంతోపాటే పెరిగింది. అయిదేళ్ల తర్వాత, 2015 జూన్‌లో, ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ విలేకరులు హైతీ కోసం రెడ్‌క్రాస్‌కు దాదాపు 50 కోట్ల డాలర్లు వస్తే పూర్తిగా కట్టిన శాశ్వత ఇళ్లు ఆరేనని రాశారు. అద్దె సాయం, మరమ్మతులు, తాత్కాలిక నివాసాలు కలిపి లక్షమందికి పైగా గూడు కల్పించామని సంస్థ బదులిచ్చింది. రెండు లెక్కలూ జనం ముందుకు వచ్చాయి. అడగడానికి ఒక్క పోస్టు చాలు, ఖర్చు ఎలా అయిందో చెప్పడానికి ఏళ్ల తరబడి పోస్టులు కావాలి. ఆ రెండో పనికి సమయం, సిబ్బంది కేటాయించే సంస్థలు ఇప్పటికీ తక్కువే.

ఈ డెస్క్‌ల మీద పనిచేసేవాళ్లు మర్చిపోని చిన్న ఘటన 2011 ఫిబ్రవరిలో జరిగింది. అమెరికన్ రెడ్‌క్రాస్ ఉద్యోగి ఒకరు సొంత అకౌంట్ అనుకుని, సంస్థ అకౌంట్ నుంచి బీరు పార్టీ గురించి ట్వీట్ చేశారు. రెండు అకౌంట్లూ ఒకే హూట్‌సూట్ తెర మీద పక్కపక్కన ఉండటంతో జరిగిన పొరపాటు అది. సంస్థ దాన్ని తీసేసి, ఎవరో హ్యాక్ చేశారని బుకాయించకుండా, పొరపాటు మాదేనని చమత్కారంగా ఒప్పుకుంది. ఆ ట్వీట్‌లో పేరున్న బీరు కంపెనీ అభిమానులు అందులోని హ్యాష్‌ట్యాగ్‌తోనే విరాళాలిచ్చారు. అంతకుముందు ఇలాంటి ఇబ్బంది వస్తే లాయర్లకు చూపించి మూడు రోజులకు ప్రకటన విడుదల చేయడం అలవాటు. మనిషి మాట్లాడినట్టు మాట్లాడితే జనం వింటారని సంస్థలు అక్కడ కళ్లారా చూశాయి.

ఆ మరుసటి ఏడు దీనికి పూర్తిగా భిన్నమైన ఘటన. 2012 మార్చి 5న శాన్ డియెగోకు చెందిన ఇన్విజిబుల్ చిల్డ్రన్ సంస్థ ‘కోనీ 2012’ అనే అరగంట వీడియో విడుదల చేసింది. ఉగాండా పిల్లలను ఎత్తుకుపోయి సైనికులుగా మార్చిన జోసెఫ్ కోనీని పట్టుకోవాలని పిలుపు. ఆరు రోజుల్లో 10 కోట్ల వ్యూస్ వచ్చాయి. అప్పటిదాకా ఏ సహాయ సంస్థా కలలో కూడా ఊహించని సంఖ్య అది. చిక్కేమిటంటే కోనీ ముఠా అప్పటికి ఆరేళ్ల క్రితమే ఉగాండా వదిలి పక్క దేశాల అడవుల్లోకి వెళ్లిపోయింది. ఉత్తర ఉగాండా జనం శిబిరాల నుంచి ఇళ్లకు చేరి పొలాలు దున్నుకుంటున్నారు. రోజ్‌బెల్ కగుమిరే అనే ఉగాండా జర్నలిస్టు వెబ్‌క్యామ్ ముందు కూర్చుని, ఈ కథలో మేమెక్కడున్నాం అని అడుగుతూ యూట్యూబ్‌లో వీడియో పెట్టారు. అదీ లక్షలమంది చూశారు.

మార్చి 13న ఉగాండాలోని లీరా పట్టణంలో ఆఫ్రికన్ యూత్ ఇనిషియేటివ్ నెట్‌వర్క్ అనే స్థానిక సంస్థ ఆ వీడియోను బహిరంగంగా ప్రదర్శించింది. చూడటానికి వచ్చినవాళ్లలో కోనీ మనుషుల చేతుల్లో అవయవాలు పోగొట్టుకున్నవాళ్లు, పిల్లలను పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. తెర మీద తమకు జరిగింది కనిపిస్తుందనుకుంటే ఒక అమెరికన్ తండ్రి, అతని చిన్నారి కొడుకు కనిపించారు. కోనీ పేరు వేసిన టీషర్టులు, పోస్టర్లు కనిపించాయి. తమను నరికినవాడి పేరు ఛాతీ మీద వేసుకుని తిరగడమేమిటని జనం భగ్గుమన్నారు. రాళ్లు పడ్డాయి. మిగతా ఊళ్లలో అనుకున్న ప్రదర్శనలు ఆగిపోయాయి. సహాయ ప్రచారాల చరిత్రను 1919 దగ్గర మొదలుపెడితే మలుపు ఇక్కడే ఉంది. ఎవరి గురించి సినిమా తీశారో వాళ్లు చూసి, అప్పటికప్పుడు తీర్పు చెప్పారు.

ఆ ఏడాది నవంబరులో నార్వే విద్యార్థుల సహాయ నిధి ఎస్ఏఐహెచ్, చలికి వణుకుతున్న నార్వే ప్రజలకు ఆఫ్రికన్లు రేడియేటర్లు పంపుతున్నట్టు ఒక పాట వీడియో తీసి, ఈ ధోరణినంతా తలకిందులు చేసి చూపించింది. తర్వాతి ఏడాది నుంచి మంచి విరాళ ప్రచారానికీ చెడ్డ ప్రచారానికీ విడివిడిగా అవార్డులు ఇచ్చింది. 2013లో యూనిసెఫ్ స్వీడన్ శాఖ, ఫేస్‌బుక్ లైకులతో ఒక్క బిడ్డకూ టీకా వేయలేమని నేరుగా చెప్పే పోస్టర్లు వేసింది.

నియమాలు ఇప్పుడు కాగితం దాటి రోజువారీ పనిలోకి వచ్చాయి. ఫీల్డ్ నుంచి ఫొటో వచ్చిందంటే మొదట చూసేది సమ్మతి పత్రం. ఫొటోలో ఉన్న మహిళకు అర్థమయ్యే భాషలో చెప్పారా, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చని చెప్పారా, ఒప్పుకోకపోయినా రేషన్ ఆగదని చెప్పారా అని అడగాలి. పిల్లలైతే పేరు మార్చాలి. శరణార్థులైతే ఊరి పేరు తీసేయాలి, ఫైలులో దాగి ఉండే జీపీఎస్ వివరాలు చెరపాలి. వాళ్ల కోసం వెతుకుతున్నవాళ్లకు అదే పోస్టు దారి చూపించగలదు. ఆర్నెల్ల తర్వాత ఆమె వద్దంటే అన్ని అకౌంట్ల నుంచీ ఫొటో తీయాలి. ఈలోగా కామెంట్లలో బూతులు, పుకార్లు, ఎక్కడ అప్లై చేసుకోవాలని అడిగే బాధితులు అందరూ కలిసే వస్తారు. ఆ చివరివాళ్లకు ముందు బదులివ్వాలన్నది మంచి డెస్క్‌ల పద్ధతి.

అడిగి తీసుకున్న ఫొటో కంటే ఇంకో అడుగు ముందుకు వేసిన ఊరు తెలుగునేల మీదే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతులకు 1990ల చివర నుంచే వీడియో కెమెరా నేర్పింది. యునెస్కో సాయంతో మాచనూరులో రేడియో కేంద్రం సిద్ధమైనా లైసెన్సు రాలేదు. దాదాపు పదేళ్లు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరులో సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. జొన్నలు, కొర్రలు, విత్తనాలు దాచే పద్ధతులు అన్నీ వాళ్ల యాసలో వాళ్లే చెప్పుకుంటారు. 2019లో యూఎన్‌డీపీ ఈక్వేటర్ బహుమతి ఆ సొసైటీకి వచ్చింది. ఇలాంటి పని సహాయ సంస్థల ట్రెండింగ్ జాబితాల్లోకి రాదు, కానీ 1989 నియమావళి కోరుకున్నదానికి ఇంతకంటే దగ్గరగా వచ్చినవి అరుదు.

2020లో కరోనాతో ఈ డెస్క్‌లు ప్రాణాలతో ముడిపడ్డాయి. ఫిబ్రవరి మొదటివారంలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వైరస్‌తోపాటు తప్పుడు సమాచారం కూడా అంటువ్యాధిలా వ్యాపిస్తోందని ప్రకటించింది. ఆ నెలాఖరుకు తనే టిక్‌టాక్‌లో అకౌంట్ తెరిచింది. మార్చిలో వాట్సాప్‌లో ప్రశ్నలకు జవాబులిచ్చే సేవ మొదలుపెట్టింది. దాని వెనుక దక్షిణాఫ్రికాలో గర్భిణుల కోసం నడుస్తున్న మామ్‌కనెక్ట్ మెసేజ్ సేవ నుంచి నేర్చుకున్న సాంకేతికత ఉంది.

ఒక్క హెడ్‌లైన్ సంస్థను ఏ గడ్డు స్థితిలోకి నెడుతుందో 2021 అక్టోబరులో తెలిసింది. 600 కోట్ల డాలర్లుంటే కరువు అంచున ఉన్న 4.2 కోట్ల మందిని కాపాడవచ్చని ప్రపంచ ఆహార కార్యక్రమం అధిపతి డేవిడ్ బీస్లీ సీఎన్ఎన్‌తో అన్నారు. ఆ డబ్బు ప్రపంచ ఆకలినే తీర్చేస్తుందన్నట్టు మొదట హెడ్‌లైన్ పడింది, తర్వాత దిద్దారు. ఈలోగా ఈలాన్ మస్క్, ఎలా తీరుస్తారో లెక్క చూపిస్తే టెస్లా షేర్లు అమ్మి ఇస్తానని ట్వీట్ చేశారు. ఆకలి పూర్తిగా తీరుతుందని తాము అనలేదని బీస్లీ అక్కడే వివరించారు. నవంబరు 15న సంస్థ 660 కోట్ల డాలర్ల ప్రణాళికను అందరూ చూసేలా పెట్టింది. తిండికి ఎంత, నగదు సాయానికి ఎంత, రవాణాకు ఎంత అన్నీ అందులో ఉన్నాయి. మస్క్ ఆ నెలలోనే 570 కోట్ల డాలర్ల విలువైన షేర్లు దానం చేశారు గానీ, అవి ఆయన సొంత ఫౌండేషన్‌కే వెళ్లాయి. అయినా కోట్లమంది కళ్ల ముందు ఆకలి లెక్క విప్పి చూపడం వృథా కాలేదు. అప్పటిదాకా అలాంటి పట్టికలు దాతల సమావేశాల్లోనే ఉండేవి.

2025 ఫిబ్రవరి మొదట్లో అమెరికా అభివృద్ధి సంస్థ యూఎస్ఎయిడ్ వెబ్‌సైటు మూతపడింది, ఎక్స్ అకౌంట్ మాయమైంది. జులై 1తో సంస్థే ముగిసింది. దాని నిధుల మీద నడిచిన సంస్థల్లో ఉద్యోగాలు పోయాయి. ఖర్చు తగ్గించుకోవాలన్న ఆ ఒత్తిడిలోనే ఏఐతో తయారైన పేదరికపు బొమ్మలు ప్రచారాల్లోకి వస్తున్నాయి. యాంట్‌వర్ప్‌లోని ట్రాపికల్ మెడిసిన్ సంస్థ పరిశోధకుడు ఆర్సెనీ అలెనిచెవ్ అలాంటివి వందకు పైగా పోగుచేశారు. పగిలిన నేల, ఖాళీ గిన్నె, కన్నీళ్ల బిడ్డ. 1984 నాటి టీవీ తెరను యంత్రం మళ్లీ గీస్తోంది. ఫొటోగ్రాఫర్ ఖర్చు లేదు, సమ్మతి పత్రం గొడవ లేదన్నది వాడేవాళ్ల వాదన. ప్లాన్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థలు పిల్లలను విడివిడిగా ఏఐతో చూపించవద్దని తమ సిబ్బందికి చెప్పాయి. ఆ ఖర్చును ఊళ్లోనే ఉండే ఫొటోగ్రాఫర్లకు మళ్లించడం దీనికి సరైన మందు. విమాన టికెట్ల కంటే అది చవక, అడగవలసినవాళ్లను వాళ్ల భాషలోనే అడిగే వీలూ ఉంటుంది. సిబ్బంది సగమైన డెస్క్‌ల మీద అంత ఓపిక పట్టనిస్తారా అన్నది రాబోయే బడ్జెట్లలో తేలాలి.