డాష్‌బోర్డు హెచ్చరిక దీపాలు

డాష్‌బోర్డు హెచ్చరిక దీపాలు అనగా కారులోని ఏదైనా వ్యవస్థలో లోపం ఏర్పడినపుడు స్టీరింగు వెనుక పలకపై వెలిగే చిన్న బొమ్మలు. వీటి ఆకారాలను ఐఎస్ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం సూచిస్తుంది కనుక అన్ని కంపెనీల కార్లలోనూ ఇవి దాదాపు ఒకేలా ఉంటాయి. కారు నడుస్తుండగా నాలుగైదు దీపాలు ఒక్కసారిగా వెలిగి, వాడుకలో "పికప్" అనే ఇంజను శక్తి పడిపోతే, నాలుగైదు భాగాలు చెడిపోయాయని భావించనవసరం లేదు. చాలా సందర్భాలలో లోపం ఒక్కటే ఉంటుంది. అది తరచు విద్యుత్ సరఫరాకు సంబంధించినదై ఉంటుంది. ఉప్పుగాలి, వరదనీరు రెండూ ఉన్న కోనసీమలో ఇటువంటి లోపాలకు అవకాశం ఎక్కువ.

రంగుల అర్థం

ఎరుపు దీపం వెలిగితే బండిని భద్రమైన చోట వెంటనే ఆపాలి. నూనెడబ్బా బొమ్మ ఇంజను ఆయిలు పీడనం తగ్గిందనీ, ఉష్ణమాపకం బొమ్మ ఇంజను మితిమీరి వేడెక్కిందనీ తెలుపుతాయి. ఈ రెండింటిలో ఏది వెలిగినా కొద్ది దూరం నడిపితేనే ఇంజను పట్టేయవచ్చును. పసుపు రంగు దీపం అంత అత్యవసరం కాదు. అయితే ఇంజను బొమ్మ స్థిరంగా వెలగక మిణుకుమిణుకుమంటూ ఉంటే, సిలిండరులో ఇంధనం సరిగా మండటం లేదని అర్థం. మండని ఇంధనం పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది.

తాళం తిప్పగానే దీపాలు వెలిగి ఆరడం లోపం కాదు, అది బల్బుల పరీక్ష. అప్పుడు వెలగని దీపాన్నే అనుమానించాలి.

కారణాలు

పూర్తిగా చార్జి అయిన కారు బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తున్నపుడు చాలా కార్లలో ఇది 13.5 నుండి 14.5 వరకు ఉండాలి. ఈ విద్యుత్తును ఇచ్చేది ఆల్టర్నేటరు. మెకానిక్కులు దీనిని నేటికీ "డైనమో" అనే అంటారు. దీని బెల్టు తెగినా, బ్యాటరీ టెర్మినల్ వదులైనా వోల్టేజి పడిపోతుంది. అప్పుడు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, పవర్ స్టీరింగు కంప్యూటర్లు తమతమ దీపాలను వెలిగిస్తాయి. కొన్ని ఇంజన్లలో అదే బెల్టు నీటి పంపునూ తిప్పుతుంది కనుక బ్యాటరీ దీపం తరువాత ఉష్ణోగ్రత దీపం వెలిగితే బెల్టును చూడాలి.

ఈ కంప్యూటర్లు క్యాన్ అనే తీగల జత ద్వారా మాట్లాడుకుంటాయి. బాష్ సంస్థ 1986లో ప్రకటించిన ఈ పద్ధతి వలన తీగల బరువు తగ్గింది గాని, ఎలుక ఒక్కచోట కొరికితే సగం దీపాలు వెలిగే ఇబ్బంది కూడా వచ్చింది.

యాక్సిలరేటరు, టర్బో, ఇంధన పీడనం వంటి వాటి సెన్సర్లు పొంతన లేని సమాచారం ఇచ్చినపుడు ఇంజను కంప్యూటరు తానే శక్తిని తగ్గిస్తుంది. దీనిని లింప్ మోడ్ అంటారు. కుంటుతూనైనా ఇల్లు చేరనిచ్చే ఏర్పాటు ఇది. కొన్ని విద్యుత్ కార్లలో ఇదే సంగతిని తాబేలు బొమ్మతో తెలుపుతారు.

కోనసీమ పరిస్థితులు

గోదావరి పాయలైన గౌతమి, వశిష్ఠల మధ్య, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఈ ప్రాంతపు గాలిలో తేమ, ఉప్పు అధికం. బ్యాటరీ టెర్మినల్స్‌పై తెలుపు, నీలం రంగు పొర పేరుకుంటుంది. ఎర్తింగ్ తీగ బాడీకి బిగించిన చోట తుప్పు పడుతుంది. కంటికి తీగ బాగానే కనిపించినా విద్యుత్తు సరిగా పారదు. బ్యాటరీ కొత్తది వేసినా దీపాలు ఆరకపోతే ఈ బిగింపును విప్పి చూడటం మేలు. పొరను గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ పూస్తారు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు అమలైన తరువాతి డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే పొగ ఉష్ణోగ్రత సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. కాలువ గట్ల ఇరుకుదారుల్లో, రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలలో ఇది సాధ్యపడదు. ఫిల్టరు పూడి శక్తి తగ్గుతుంది. దీపం వెలిగిన తొలిదశలోనే 216వ జాతీయ రహదారి వంటి దారిపై కొంతసేపు ఒకే వేగంతో నడిపితే తరచు సర్దుకుంటుంది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది వరదనీరు. 2022 జూలై వరదలలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటగా లంక గ్రామాల దారులు మునిగిపోయాయి. నీటిలో ఆగిన కారుకు మళ్ళీ సెల్ఫ్ కొట్టరాదు. గాలి గొట్టం ద్వారా సిలిండరులో చేరిన నీరు గాలివలె నొక్కుకుపోదు. పిస్టను దానిని నొక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసివేసి కారును లాగించుకొని వెళ్ళాలి.

దారిలో చేయవలసినవి

యానాం–ఎదుర్లంక, దిండి–చించినాడ వంటి పొడవైన వంతెనలపై శక్తి తగ్గితే నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎరుపు దీపం లేనట్లయితే నెమ్మదిగా వంతెన దాటాలి. ఇంజను ఆగిపోతే స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకు ఒకటి రెండు సార్లే తేలికగా పనిచేస్తుంది కనుక పదేపదే తొక్కక ఒకేసారి గట్టిగా నొక్కి ఉంచాలి. కదులుతున్న బండిలో తాళం తీస్తే స్టీరింగు బిగుసుకుపోవచ్చును. జాతీయ రహదారులపై సహాయానికి 1033 నంబరు ఉంది.

చార్జింగు దీపం ఒక్కటే వెలిగితే ఏసీ, పాటలు ఆపి బ్యాటరీలో మిగిలిన విద్యుత్తుతో కొంత దూరం పోవచ్చును. అమలాపురం, కొత్తపేట, రాజోలు వంటి పట్టణానికి చేరాక స్కానింగ్ చేయించాలి. అమెరికాలో 1996లో తప్పనిసరి అయిన ఓబీడీ-2 పద్ధతిలో, డాష్‌బోర్డు కింది 16 పిన్నుల సాకెట్టు నుండి లోపాల సంకేతాలు చదువుతారు. పి0562 అంటే వోల్టేజి తక్కువ, పి0301 అంటే మొదటి సిలిండరులో ఇంధనం సరిగా మండటం లేదు, యు0100 అంటే ఇంజను కంప్యూటరుతో సంబంధం తెగింది. సంకేతం లక్షణాన్నే తెలుపుతుంది. సెన్సరు పేరు కనిపించగానే కొత్త సెన్సరు కొనేకంటె ముందు బ్యాటరీ వోల్టేజి, ఎర్తింగ్ చూడటం చవక. సంకేతాలను రాసుకోకుండా చెరిపివేస్తే దీపం ఆరుతుంది గాని కారణం దొరకడం కష్టమవుతుంది.