రాలీ సైకిలు పునర్నిర్మాణం: విడిభాగాల సాక్ష్యం

పాత సైకిలు పునర్నిర్మాణానికి మరొక సైకిలు భాగాలను వాడటం సర్వసాధారణం. నాటింగ్‌హామ్ రాలీకి భాగాలిచ్చే ‘దాత’ కూడా రాలీయే కావలసి వస్తుంది. ఇతర బ్రిటిష్ తయారీదారులు బాటమ్ బ్రాకెట్‌కు అంగుళానికి 24 మరచుట్లు పాటించగా, రాలీ 26 చుట్లు వాడింది. రెండూ ఒకే సంస్థవి కావడంతో మార్పు కంటికి కనబడదు. చరిత్రకారునికి చిక్కు ఇక్కడే. స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్‌పై తయారీ సంవత్సరం, నెల అంకెలలో ముద్రితమై ఉంటాయి. ‘52 7’ అంటే 1952 జూలై. చక్రం మారినప్పుడు ఆ తేదీ దాత సైకిలుకు చెందుతుంది, ఫ్రేముకు కాదు. కనుక హబ్ తేదీ ఒక్కటే కాలనిర్ణయానికి ఆధారం కాజాలదు. ఏ భాగం ఎక్కడిదో, దాత ఫ్రేము సంఖ్య ఏమిటో పునర్నిర్మాత నమోదు చేయాలి. లేనిచో రెండు సైకిళ్ల చరిత్రా చెరిగిపోతుంది.