మాన్యం దానమా, జీతమా?

మన ఇళ్ళల్లో పాత ట్రంకు పెట్టెల్లో ఇనాం పత్రాలు ఉంటాయి. "మా ముత్తాతకు రాజు దానంగా ఇచ్చిన భూమి" అని చెప్పుకుంటాము. గుడికి, పండితులకు ఇచ్చినవి దానాలే, కాదనను. కరణం, మణియకారుడు, తలారి కుటుంబాల మాన్యం మటుకు దానం కాదండి, జీతం. రైల్వేలో ఏళ్ళ తరబడి జీతాల బిల్లులు రాసినవాణ్ణి, నాకు అది అట్లే కనబడుతుంది.

కరణం ఊరి లెక్కలు రాసేవాడు. తమిళంలో కణక్కుపిళ్ళై అంటారు. సర్కారు అతని చేతికి రొక్కం ఇవ్వదు. కొంత భూమికి శిస్తు వదిలేస్తుంది, లేదా బాగా తగ్గిస్తుంది. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు రైతులు ఇంత అని మేర ఇస్తారు. ఈ రెండూ కలిస్తే అతని ఏటి జీతం. మన ఫారం 16లో జీతానికి ఒక కాలమ్, పన్నుకు ఒక కాలమ్ ఉంటాయి కదా, అప్పుడు అట్లా లేదు. కట్టని పన్నే జీతం. భూమి ఉద్యోగానికి కట్టినది, అమ్ముకునే హక్కు లేదు.

నేను చదివిన తమిళంలో గ్యాస్ సబ్సిడీని 'మానియం' అంటారు. అసలు అర్థానికి ఆ వాడుకే దగ్గర అని నా అభిప్రాయం.

1858లో మద్రాసు సర్కారు ఇనాం కమిషన్ వేసింది. ఎవరి దగ్గర ఏ ఆధారం ఉందో చూసి రిజిస్టర్లలో ఎక్కించినారు. గ్రామోద్యోగుల మాన్యాలకు సాధారణంగా పెట్టిన లెక్క ఇది: పూర్తి శిస్తులో ఎనిమిదింట ఐదు పాళ్ళు క్విట్ రెంట్ కట్టు, టైటిల్ డీడు తీసుకో, భూమి నీ సొంతం. 10 రూపాయల శిస్తుకు 6 రూపాయల 4 అణాలు. పనికి ఇక రొక్కం జీతం. ఆ రొక్కం కోసం 1864లో గ్రామ సెస్సు చట్టం తెచ్చి, శిస్తు రూపాయికి ఒక అణా దాకా రైతు దగ్గరే వసూలు చేసినారు.

ఇది మోసం అనేవాళ్ళు ఉన్నారు. కరణాల విషయంలో నేను ఒప్పుకోను. సొంత హక్కు దొరికింది, ఉద్యోగమూ వంశంలోనే ఉండింది. దెబ్బ తగిలింది తలారి, వెట్టి పనివాళ్ళకు. ధాన్యం ధర పెరిగితే మేర విలువ కూడా పెరిగేది, రొక్కం జీతం అట్లా పెరగదు.

1980 నవంబరులో తమిళనాడు సర్కారు పార్ట్ టైమ్ గ్రామోద్యోగాలను ఆర్డినెన్సుతో తీసేసింది. ఉద్యోగం పోయినా, టైటిల్ డీడు తీసుకున్న భూములు దాంతో పోలేదు. భూమికీ పనికీ ముడి నూరేళ్ళ ముందే తెగిపోయి ఉండింది.

మీ పత్రం మీద టి.డి. నంబరు, క్విట్ రెంట్ ఉంటే చూడండి. గ్రామోద్యోగ మాన్యమైతే ఆ రూపాయలు అణాలను ఎనిమిదితో హెచ్చించి ఐదుతో భాగించండి. వచ్చేది పూర్తి శిస్తు. అంతకు ముందు మీ ముత్తాత అందులో ఎంత కట్టకుండా ఉన్నాడో అంతే ఆయన జీతం, మేర వేరే.