పహాణీలో మాయమైన ఒక ఖానా



2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైనప్పుడు సర్కారు ముందుగా నాలుగు మండలాల్లో నడిపి చూసింది. అందులో ఒకటి మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. ఆ వార్త చదవగానే నాకు కంచర్ల గోపన్న గుర్తొచ్చాడు. ఆయన పుట్టిన ఊరు అదే. అబుల్ హసన్ తానాషా జమానాలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి, వసూలైన సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని, హిసాబ్ అప్పజెప్పలేక గోల్కొండ ఖిల్లాలో ఖైదయ్యాడని మనం చిన్నప్పటి నుంచి వింటున్న కథ. లోకానికి ఆయన భక్త రామదాసు. దఫ్తరు లెక్కలో మాత్రం తహసీల్దారు. గోల్కొండ సుల్తనత్ పోయి మూడు వందల ఏళ్లు దాటినా ఆ ఉద్యోగం పేరు ఇంకా ఉంది. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని మన భూమి మీద ఫైసలా చేసేదీ తహసీల్దారే.

భూమి గురించి తెలుగులో మాట్లాడేటప్పుడు మనం సగం మన ఇంటి మాటలే మాట్లాడుతున్నాం. తహసీల్ అంటే వసూలు. రైతు అనే మాట రయ్యత్ నుంచి వచ్చింది. తాలూకా అసలు తఅల్లుఖ్, అంటే సంబంధం. సాదా బైనామా అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం. కబ్జా అంటే ఇప్పుడు పేపర్లలో ఆక్రమణ అని అర్థం, ఉర్దూలో మాత్రం చేతిలో ఉండటం, అంతే. అన్నిటికంటే నాకు నచ్చేది కౌలు. అది ఖౌల్. అంటే ఇచ్చిన మాట. ఒక మనిషి ఇంకో మనిషికి నోటితో ఇచ్చిన మాట మీద పొలం నడిచేది కాబట్టి ఆ పేరు.

ఆ నోటి మాటకు రికార్డులో చోటుందా లేదా అన్నదే మన భూముల తారీఖ్ మొత్తం.

మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ చేసి జిల్లాలు, తాలూకాలు ఏర్పరిచాడు. వసూళ్లు గుత్తేదార్ల చేతుల్లోంచి జీతం తీసుకునే అధికార్ల చేతుల్లోకి వచ్చాయి. తర్వాత సర్వే జరిగింది, సేత్వార్లు తయారయ్యాయి. 1880వ దశకంలో సర్కారీ జుబాన్ ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది. 1317 ఫస్లీలో, అంటే 1907లో, మాల్‌గుజారీ చట్టం వచ్చింది. ఇదంతా తరక్కీయే. కానీ ఊళ్లో దున్నే మనిషికి ఫార్సీ రాదు, ఉర్దూ చదవడమూ రాదు. పట్వారీ ఏం రాస్తే అదే సత్యం. ఎంతోమంది దున్నిన పొలాలు దొరల పేర్ల మీద ఎలా ఎక్కాయో తెలంగాణలో ఏ ముసలివాళ్లను అడిగినా చెబుతారు.

1948 పోలీస్ యాక్షన్ తర్వాత జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. ఈరోజుకీ భూతగాదా కోర్టుకెళితే వకీలు మొదట అడిగేది అదే. దాని తర్వాత ఏటేటా రాసిన పహాణీల్లో ముప్ఫైకి పైగా ఖానాలు ఉండేవి. పట్టాదారు ఎవరు అన్నది ఒక ఖానా. అనుభవదారు ఎవరు, అంటే నిజంగా పొలంలో ఉన్నదెవరు అన్నది ఇంకో ఖానా. పట్వారీ దాంట్లో అబద్ధం రాసినా, రాయడానికి ఒక చోటంటూ ఉంది. అబద్ధమని కొట్లాడటానికీ చోటు ఉంది.

మన సరిహద్దులో ఇంకో చిక్కు ఉంది. గోదావరికి ఇటు పాల్వంచ, బూర్గంపహాడ్ నిజాం ఇలాఖా. అటు ఒడ్డున భద్రాచలాన్ని 1860లో నిజాం ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు. 1874లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వెళ్లింది. 1959లో మళ్లీ ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం కోసం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి, భద్రాచలం పట్నం మాత్రం మనకు మిగిలింది. ఒకే నది, ఒకే అడవి. ఒక ఖాన్‌దాన్ అటూ ఇటూ ఉంటే వాళ్ల కాగజాలు రెండు హుకూమత్‌లవి, రెండు జుబాన్లవి, రెండు పద్ధతులవి. మనిషి కదల్లేదు, హద్దు కదిలింది.

ఇప్పుడు ధరణి సంగతి. 2020 అక్టోబర్ 29న మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు, ఒకే ఆఫీసులో. తగాదా లేని భూమి ఉన్నవాళ్లకు అది నిజంగా ఆసానీ. ఆ మాట చెప్పకపోతే ఇన్సాఫ్ కాదు. అయితే ఆ ధరణిలో అనుభవదారు ఖానా తీసేశారు. అదే ఏడాది గ్రామ రెవెన్యూ అధికారి పోస్టులు రద్దయ్యాయి. తప్పు పడితే పైఅధికారికి అప్పీలు చేసుకునే దారి కొత్త చట్టంలో లేకుండా పోయింది, సివిల్ కోర్టే దిక్కు. 2017 రికార్డుల ప్రక్షాళనలో తగాదా ఉందని పార్ట్-బీలో పడేసిన భూములకు పాస్‌బుక్ రాలేదు. పాస్‌బుక్ లేకపోతే రైతుబంధు వచ్చేది కాదు.

ఖానా పోయింది, అడగడానికి ఊళ్లో మనిషి పోయాడు, ఫిర్యాదు చేసే గడప పోయింది. మూడూ ఒకేసారి. ఇందులో కంప్యూటర్ కసూరు ఏమీ లేదు. ఏ ఖానా ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది మనుషులు చేసిన ఫైసలా. ఇప్పుడు భూభారతి అనుభవదారు ఖానాను మళ్లీ తెచ్చింది, అప్పీలుకు రెండు మెట్లు పెట్టింది, ఊరికి గ్రామ పాలన అధికారిని పంపుతోంది. కాగితం మీద మంచిదే. నేలకొండపల్లి నుంచి అడవి అంచు దాకా ఎలా నడుస్తుందో మనం కళ్లు తెరిచి చూడాలి.

మా ఇంటి మాట ఒకటి చెబుతాను. ఇల్లందు దాటాక ఒక ఊళ్లో మా దాదాకు భూమి ఉండేదని, సందూక్‌లో కాగజ్ ఉందని ఫుప్పు ఎప్పుడూ అనేది. ఆమె పోయాక తీసి చూశాం. ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మేమంతా తెలుగు మీడియం. మసీదు ఇమాం సాబ్ అచ్చు ఉర్దూ చదువుతారు, ఆ గొలుసుకట్టు షికస్తా ఆయనకీ అందలేదు. చివరికి రిటైరైన ఉర్దూ మాస్టారు ఒకాయన అద్దం పెట్టుకుని చదివి పెట్టారు. 1341 ఫస్లీ. 590 కలిపితే 1931. అది పట్టా కాదు, కౌలు రసీదు. భూమి మాది కాదు, దున్నింది మా దాదా. రక్షిత కౌలుదారుల జాబితాలో ఆయన పేరు వెతికాం, లేదు. మా అబ్బా అప్పటిదాకా పోగొట్టుకున్న జమీందారీలా చెప్పుకున్న కథ ఆ రోజు ఒక కౌలుదారు కథ అయింది. నాకు అది చిన్నతనం అనిపించలేదు. దున్నినవాడి పేరు ఒక్క రసీదు మీదైనా మిగిలింది కదా అనిపించింది.

ఆ రసీదుకు విలువ లేదనీ అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజనేతరులు హక్కు అడగాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే బతికినట్టు చూపాలి. వెనక్కి లెక్కేస్తే 1930 వస్తుంది. నది ఇవతల ఆ నాటి సర్కారీ సబూత్ ఉర్దూలో, ఫస్లీ లెక్కల్లో ఉంటుంది. ఏజెన్సీలో 1/70 చట్టం గిరిజనేతరుడి చేతిలోని భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకుంటుంది, కాదని నిరూపించే భారం మన మీదే. ఆ చట్టం మనకు కష్టంగా అనిపించినా, అది ఎందుకు వచ్చిందో మరవకూడదు. కబ్జా ఉండి కాగజ్ లేక అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ నష్టపోయింది కోయలు. మనకు కావలసిన ఇన్సాఫ్ వాళ్ల హక్కు మీద నుంచి నడిచి రాకూడదు.

ఖురాన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్, సూరె బఖరాలోని 282వది, అప్పు లావాదేవీ రాసుకోవడం గురించి. రాసుకోమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. రాసేవాడు అద్ల్‌తో రాయాలి, గవాహులు ఉండాలి, రాయించుకోలేని బలహీనుడి తరఫున అతని వలీ చెప్పి రాయించాలి. పోర్టల్ ఏదైనా నేను చూసేది ఈ మూడే. రాసేవాడు జవాబుదారీగా ఉన్నాడా? గవాహీకి ఖానా ఉందా? బలహీనుడికి చెప్పుకునే చోటుందా?

సర్కారును అడిగేది అడుగుదాం. ఇంట్లో చేయాల్సింది కూడా ఉంది. సందూక్‌లోని కాగజాలు ఫోటో తీసి, చదవగలిగిన బుజుర్గులు ఉండగానే చదివించండి. పక్కన తెలుగులో రాసి పెట్టండి. సర్వే నంబరు, ఫస్లీ సంవత్సరం, ఊరు పేరు తప్పకుండా రాయండి. విరాసత్ చేయించేటప్పుడు ఆపాల, చెల్లెళ్ల పేర్లు వదిలేయకండి. ధరణి ఒక ఖానా తీసేసిందని మనం కోపం చేశాం. మన ఇళ్లలో ఆడపిల్లల ఖానాను ఏ పోర్టల్ తీసేయలేదు, మనమే ఖాళీగా ఉంచాం.

మా దాదా రసీదును అద్దం వేయించి గోడకు పెట్టాను. కింద తెలుగులో రెండు ముక్కలు రాశాను: ఈయన ఈ నేల దున్నాడు. ఏడాది 1931.