దాగిన జలం - దాచిన విద్య

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నేల అడుగున ఉన్నది గట్టి రాయి. నీరు ఆ రాతి పగుళ్ళలోనూ, దానిపై శిథిలమైన పొరలోనూ మాత్రమే నిలుస్తుంది. ఒక బావిలో నీళ్ళు పడితే, పక్క చేనిలో తవ్వినది ఒట్టిపోవచ్చు. ఇటువంటి సీమలో నీటి విద్య ఎవరి చేతిలో ఉన్నది, ఎవరికి అందినది అనే ప్రశ్న పండితుల చర్చతో ముగిసేది కాదు. అది రైతు బ్రతుకుతెరువుకు సంబంధించినది.

విజయనగర కాలంలో ఈ విద్య తెలిసినవారికి రాజాదరణ ఉండేది. పూర్వపు అనంతపురం జిల్లాలోనిదై, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన పెనుకొండకు నదీజలం తీసుకురమ్మని, రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుని ఆజ్ఞాపించినట్లు 1388 నాటి శాసనం తెలుపుతున్నది. సింగాయభట్టు ఎరిగిన విద్యలను శాసనం ఘనంగా పేర్కొన్నది. అయితే ఆయన కాలువ వాలును ఏ విధంగా కొలిచాడో చెప్పలేదు. పేరు రాతిమీద మిగిలింది. పనితనం ఆయనతోనూ ఆయన శిష్యులతోనూ పోయింది.

పొరుగునున్న కడప జిల్లా పోరుమామిళ్ళలో ఇందుకు భిన్నమైన ప్రయత్నం కనిపిస్తుంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి, 1369లో శాసనం వేయించాడు. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ శ్రమ ఆ చెరువుకు పట్టాయి. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఆరు దోషాలను ఆ శాసనం వివరించింది. నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం ఒక దోషం. నేల తక్కువై నీరు ఎక్కువ కావడం మరొక దోషం. శాస్త్రరహస్యాన్ని ఇలా బహిరంగంగా నిలబెట్టడం మెచ్చదగిన పని. కాని శాసన భాష సంస్కృతం. కట్టకు మట్టి మోసిన వేయిమందిలో దానిని చదివి గ్రహించగలిగినవారు ఎందరుంటారు?

ఇస్లామీయ ప్రపంచంలో ఇదే విషయంపై గ్రంథం వ్రాసినవాడు అబూబక్ర్ అల్ కరజీ. బీజగణితంలో ప్రఖ్యాతుడైన ఈ విద్వాంసుడు బాగ్దాదులో పనిచేసి, తర్వాత ఇరాన్ ప్రాంతానికి వెళ్ళి, 1017 ప్రాంతంలో 'ఇన్‌బాతుల్ మియాహిల్ ఖఫియ్యా' - దాగిన జలాల వెలికితీత - రచించాడు. నేల అడుగున నీరున్నదని తెలిపే గుర్తులను, మట్టాలు కొలిచే సాధనాలను, ఖనాతులనే భూగర్భ కాలువలను త్రవ్వే పద్ధతిని అందులో వివరించాడు. అంతటితో ఆగక, పొరుగువాని త్రవ్వకం వల్ల బావి చెడకుండా దాని చుట్టూ విడువవలసిన హరీమ్ గురించి, అంటే రక్షిత స్థలం గురించి కూడా చర్చించాడు. విద్యను దాచడం దోషమనీ, నీటిపై ఇరుగుపొరుగుకు హక్కు ఉన్నదనీ బోధించిన ధర్మంలో నీటి శాస్త్రమూ నీటి న్యాయమూ ఒకే గ్రంథంలో చోటు చేసుకోవడం సహజమే.

గమనార్హమైన విషయమేమంటే, ఈ గ్రంథాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హిజ్రీ 1359లో, అనగా 1940లో, అరబీ మూలంలోనే అచ్చువేసింది. లోకంలోని అరబీ విద్వాంసులకు అది గొప్ప మేలు. కాని అరబీ రాని రాయలసీమ రైతుకు ఆ పుస్తకం పోరుమామిళ్ళ శిల వంటిదే. అచ్చు కావడం వేరు, అందడం వేరు.

ఆ లోటును నమ్మకం భర్తీ చేసింది. అరచేతిలో కొబ్బరికాయను నిలిపి, వేపపుల్లను పట్టి నీటి జాడ చెప్పేవారు ఊరూరా వెలిశారు. భూగర్భ శాస్త్రజ్ఞుడు వచ్చినా, యంత్రం చూపిన అంకెల భావం రైతుకు తెలియదు. చెప్పింది ఎవరైనా సరే, బోరు ఒట్టిపోతే అప్పు రైతుదే. ఒకదాని తర్వాత ఒకటిగా బోర్లు వేయించి, పొలం అమ్ముకున్న కుటుంబాలు ఈ సీమలో ఎన్నో ఉన్నాయి.

2002లో రాష్ట్రం నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం చేసింది. త్రాగునీటి వనరులకు సమీపంలో కొత్త బావుల త్రవ్వకాన్ని అది నియంత్రించింది. ఒక విధంగా ఇది హరీమ్ భావనకు దగ్గర. కాని చట్టం హద్దు చెప్పగలదే గాని, నేల అడుగున ఎంత నీరున్నదో రైతుకు చూపలేదు. ఆ పనికి పూనుకున్నది 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకం. మొదట నెదర్లాండ్స్ సహాయంతో, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా, అనంతపురంతో సహా ఏడు కరవు జిల్లాలలో ఇది సాగింది. వర్షమాపకం చదవడం, పక్షానికొకసారి బావిలో నీటిమట్టం కొలవడం, బోరు ఎంత పోస్తున్నదో లెక్కించడం గ్రామస్థులే నేర్చుకున్నారు. అంకెలను ఊరి బోర్డు మీద వ్రాశారు. రబీకి ముందు అందరూ కూర్చొని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటకు కావలసినదెంత అని లెక్క కట్టారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. నిర్ణయం రైతుకే వదిలారు. లెక్క చూసుకొని, ఎక్కువ నీరు త్రాగే వరిని తగ్గించుకున్నవారు ఉన్నారు.

నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం దోషమని 1369లో శిల చెప్పిన మాటనే ఈ రైతులు తమ లెక్కతో తాము తెలుసుకున్నారు. నిపుణుని అవసరం తీరిపోయిందని దీని అర్థం కాదు. రాతి పగులు ఎటు పోతున్నదో చెప్పడానికి శాస్త్రజ్ఞుడు కావలసిందే. అయితే ఆయన మాటను తూచి చూడగల తూకం ఇప్పుడు రైతు చేతికి వచ్చింది. పన్నెండు అంగాలలో జలశాస్త్రం తెలిసిన పండితునితో పాటు నేర్పరులైన పనివారిని కూడా ఆ శాసనం లెక్కించింది. ఆ పనివారి నేర్పును మాత్రం ఎవరూ వ్రాసిపెట్టలేదు. అటువంటి పనివారే తమ అంకెలను తామే వ్రాసుకోవడం ఈ సీమ చరిత్రలో చిన్న విషయం కాదు.